యాదగిరి గారి తొమ్మిది కోరీలు

ఆ రోజు ఉప్పుగూడలో మా వీధికి నీళ్ళు ఎప్పటికన్నా ముప్పావు గంట ఎక్కువగా వచ్చాయి. రోజు విడిచి రోజు, అదీ లెక్కకు గంటసేపే వచ్చే నీళ్ళు ఆగకుండా వస్తుంటే ఎవరికి మాత్రం సంతోషం కాదు? బిందెలు నిండాయి, డ్రమ్ములు నిండాయి, సంపులు పొర్లాయి. చాలాకాలంగా వాయిదా వేస్తున్న స్కూటరు కడిగే కార్యక్రమాన్ని నేను కూడా ముగించుకున్నాను. వీధి మొదట్లో వాల్వు విప్పిన యాదగిరి గారు వాల్వు గుంత పక్కనే గోడకు చేరబడి ప్రాణం విడిచారనీ, మూసే మనిషి లేకనే నీళ్ళు వస్తున్నాయనీ తెలిసేసరికి వీధంతా తడిసి ఉంది. కబురు తెచ్చినవాడు పక్క నీళ్ళ లైనులో పనిచేసే సలీం భాయ్. అతని చేతిలో వాల్వు తిప్పే ఇనుప తాళం ఉంది. "సారూ, యాదగిరన్న పోయిండు" అని, వెంటనే "నీళ్ళు బంద్ జేసిన" అన్నాడు. చేతిలోని తడిగుడ్డను పిండి తీగ మీద ఆరేశాను. ఆ క్షణాన అంతకు మించి ఏమీ చేయలేకపోయానని రాయడానికి సిగ్గుపడుతున్నాను.

ఆయనను ఎరుగని పాఠకులకు నాలుగు మాటలు చెప్పాలి. యాదగిరి గారు నీటి సరఫరా విభాగంలో వాల్వులు తిప్పే ఉద్యోగి. ఏ వీధికి ఏ పూట నీళ్ళు వదలాలో, ఎప్పుడు ఆపాలో చూడటం ఆయన పని. ఇరవై ఏడేళ్ళు మా చుట్టుపక్కల వీధుల దాహం ఆయన మోచేతుల బలంతో తీరింది. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. ఆయన బతికున్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా "గారు" అనలేదు. ఇప్పుడు అచ్చులో చేరుస్తున్నది ఆలస్యమైన మర్యాద.

నాకు వ్యాకరణం నేర్పిన గురువులున్నారు, ఛందస్సు నేర్పిన గురువులున్నారు. యాభై ఏళ్ళు దాటాక నాకొక కొత్త విద్య నేర్పిన గురువు మాత్రం ఈయనొక్కరే. ఆ విద్య కోరిడోరాస్ అనే చేపలను ఇంట్లో పెంచడం. నవ్వదలచినవారు నవ్వవచ్చు, మా ఇంట్లో ఇప్పటికే నవ్వడం పూర్తయింది. దుకాణాల్లో దీన్ని కోరీ అంటారు. బొటనవేలంత ఉంటుంది. మూతికి మీసాలు, ఒంటికి రెండు వరుసల గట్టి కవచం. తొట్టి అడుగున ఇసుకలో మూతి పెట్టి వెతుక్కుంటూ తిరుగుతుంది. ఉన్నట్టుండి రివ్వున పైకి లేచి, ఒక గుక్క గాలి మింగి, ఏమీ జరగనట్టు మళ్ళీ కిందికి చేరుతుంది. అప్పుడప్పుడు కనుగుడ్డు కిందికి తిప్పుతుంది. అచ్చంగా మనకు కన్ను కొట్టినట్టే ఉంటుంది.

ఆరేళ్ళ క్రితం మా ఇంట్లో ఒక గాజు తొట్టి, అందులో మూడు గోల్డ్‌ఫిష్‌లు ఉండేవి. నీళ్ళు తొందరగా మురికైపోతున్నాయని చెబితే చేపల దుకాణదారు ఒక కోరీని సంచిలో వేసి ఇచ్చాడు. "సఫాయీవాలీ మఛ్లీ హై సాబ్, ఇస్కు దానా నక్కో డాలో" అన్నాడు. ఊడ్చే చేప, దీనికి తిండి వేయనక్కర్లేదని. తిండి అడగని పనిమనిషి దొరికినందుకు నేను లోలోపల సంతోషించాను. వారం తర్వాత మా నల్లాకు ధార సన్నగా వస్తున్నదని ఫిర్యాదు చేస్తే యాదగిరి గారు వచ్చారు. నల్లా వైపు చూడకుండా తొట్టి ముందు కూర్చుండిపోయారు.

"గిదేంది సారూ, ఒక్కటే ఉన్నది?"

"అది ఊడ్చే చేప యాదగిరీ. మిగిలినవాటి మురికి తింటుంది."

"ఊడ్చేటోనికి ఆకలి గాదా?"

ఆయన గొంతు పెంచలేదు, కోపమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఆయన ముక్కు గాజుకు ఆనించి, "మీసాలు సూసిన్రా? అరిగిపోయినయి. కిందున్న గా కంకర తీసేయుండ్రి. సన్న ఇసుక పోయుండ్రి. ఇంకో ఐదు తెచ్చి ఎయ్యుండ్రి. ఒక్కటి చేప గాదు సారూ. ఆరైతెనే చేప" అన్నారు. నల్లా సంగతి పూర్తిగా మరిచిపోయి వెళ్ళి, మర్నాడు నాలుక కరుచుకుంటూ మళ్ళీ వచ్చారు.

ఆ రోజు ఆయనకంత కోపం ఎందుకు వచ్చిందో చాలాకాలం తర్వాత తెలిసింది. ఆయన తల్లి ముప్పై ఏళ్ళు ఈ పాత నగరపు వీధులు ఊడ్చింది. "మా అమ్మను గుమ్మం బయట కూసోవెట్టి, మిగిలిందే పెడ్తుండిరి సారూ" అన్నారు ఒకసారి. ఏదో చేపల దుకాణానికి పైపు లీకేజీ చూడటానికి వెళ్ళి, దుకాణదారు నాకు చెప్పినట్టే, దీనికి తిండి వేయనక్కర్లేదన్న మాటే ఆయనా విన్నారట. "గా మాట ఇన్నంక దాన్ని ఆడ ఇడిసిపెట్టి రాబుద్ధి గాలే" అన్నారు. అలా మొదటి కోరీ వారి ఇంటికి చేరింది. తల్లి గురించి అంతకు మించి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఇక నాకు పట్టిన పిచ్చి గురించి. ఇసుకను జల్లెడ పట్టి పదకొండుసార్లు కడిగాను. ఒక చేప ఆరు చేపలయింది. ఆరు వచ్చాక గాని ఆ మొదటిదానికి చలనం రాలేదు. మూలన గాజుకు అతుక్కుని పడి ఉన్న ప్రాణి మిగతావాటి వెంట పడి తొట్టి నలుమూలలా తిరగసాగింది. అది చూడటానికి పది నిమిషాలని కూర్చుంటే గంట గడిచేది. పిల్లలకు సవర్ణదీర్ఘసంధి చెబుతూ, ఇంటి దగ్గర నీళ్ళు మార్చానో లేదోనని మధ్యలో ఆగిపోయేవాణ్ణి. ఏడాదిలో రెండో తొట్టి వచ్చింది. మూడోది వచ్చినప్పుడు నిఘంటువులు అటక ఎక్కాయి. మా ఆవిడ ఆయనను గుమ్మంలోనే ఆపి, "అన్నా, మా ఇంటాయనకు ఏం మందు పెట్టినవు?" అని నిలదీసింది. "చెల్లె, నా తప్పేం లేదు. నేను ఇసుక మార్చుమన్న, అంతే" అని ఆయన తప్పించుకున్నారు.

మేత వేయడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. తొట్టి పైభాగాన తిరిగే చేపలు వేసిన మేతనంతా మధ్యలోనే అందుకుని మింగేస్తాయి. అందుకని ఒక ప్లాస్టిక్ పైపు ముక్కను ఇసుక దాకా నిలువుగా దించి, కోరీల మేతను అందులోంచి జారవిడిచేవారు. "పైనోళ్ళు తినంగ మిగిలింది కిందికొస్తదని కూసుంటే కిందోడు సస్తడు సారూ" అనేవారు. మెయిను పైపుకు మరమ్మతు జరిగి నీళ్ళలో క్లోరిన్ మందు ఎక్కువ కలిపిన రోజున చేపలున్న ఇళ్ళన్నిటికీ ఫోను చేసేవారు. "ఇయ్యాల నీళ్ళు మార్చకుండ్రి. బకెట్లల్ల పట్టి ఒక దినం ఉంచుండ్రి. నీళ్ళకు తొందర లేదు, మనకే తొందర." ఈ మాటను నేను తరగతి గదిలో ఎన్నోసార్లు సొంత మాటగా చెప్పుకున్నాను.

ఆయన తొట్టిలో తొమ్మిది కోరీలు ఉండేవి. అన్నీ ఏళ్ళ తరబడి కలిసి పెరిగినవి. వేసవిలో సోడా సీసాల్లో నీళ్ళు గడ్డకట్టించి తొట్టిలో తేలవేసి వాటిని కాచుకునేవారు. అంతటి నిండైన, నిబ్బరమైన చేప నా మూడు తొట్లలో ఒక్కటీ లేదు. ఒకటి ఇమ్మని సిగ్గు విడిచి అడిగాను. "ఇస్తే ఆరియ్యాలె. ఆరిస్తే నాకు మూడే మిగుల్తయి. గందుకే ఇయ్య" అన్నారు. తర్కంలో దోషం కనిపించలేదు. ఆశ మాత్రం చావలేదు.

పదకొండో రోజు దినాలు చేశారు. అది ఏప్రిల్ నెల. పదో తరగతి పేపర్లు దిద్దే విధుల్లో ఉండి, నేను ఆ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడున్నర దాటింది. భోజనాలు ముగిసి, బంధుమిత్రులు వెళ్ళిపోయారు. యాదగిరి గారి భార్య బాలమణమ్మ నా ముందు ఒక స్టీలు డబ్బా పెట్టింది. వచ్చినవారికి పోయినవారి పేరు చెక్కించి గిన్నెలు గాని డబ్బాలు గాని పంచడం మా వైపు వాడుకే. మూత మీద యాదగిరి గారి పేరు ఉంది. మూత తీస్తే రెండంగుళాల నీళ్ళలో ఒక కోరీ ఉంది.

"గిది మీ వాటా సారూ" అన్నది ఆమె.

గోడవైపు చూశాను. ఆయన తొట్టిలో నీళ్ళు తప్ప ఏమీ లేవు.

"ఆయన దోస్తులకు, సుట్టాలకు ఉత్త డబ్బా ఎట్లియ్యాలె? ఆయనకు పానమంటే గివే. గందుకే బాగ కావలసినోళ్ళకు తలా ఒకటి ఏసిచ్చిన."

ఆమెను ఏమనగలను? ప్రేమతో చేసిన పని అది. ఇచ్చినప్పుడు ఆమె ఏడ్చి ఉంటుంది, పుచ్చుకున్నవారూ ఏడ్చి ఉంటారు. కాని బయట నలభై డిగ్రీల ఎండ. గాలి మింగే చేపలు కనుక మూత కింద కొన్ని గంటలు ఓర్చుకుంటాయేమో. సాయంత్రందాకా ఓర్చుకోవు. ఓర్చుకున్నా, ఒక్కొక్కటి ఒక్కో ఇంట్లో మూలన పడి చస్తుంది. ఎవరెవరికి ఇచ్చిందో అడిగి ఏడు పేర్లు రాసుకున్నాను. తొట్టిలో నీళ్ళు ఇంకా ఉన్నాయి. ఒక బకెట్‌లోకి సగం తోడి, నా డబ్బాలోని చేపను అందులో వదిలి, ఐసుసీసా ఒకటి పడేసి, బకెట్‌ను స్కూటరు ముందు పెట్టుకుని బయలుదేరాను. గురుభక్తితోనే వెళ్ళానని రాసుకుంటే బాగానే ఉంటుంది. కాని అన్నిటినీ పోగుచేసి మా ఇంటికే తీసుకుపోవాలన్న ఆలోచన మొదటి మలుపులోనే వచ్చిందని కూడా రాయాలి.

సలీం భాయ్ ఇల్లు ఫలక్‌నుమా స్టేషను దగ్గర. డబ్బాను ఇంట్లో అన్నిటికన్నా ఎత్తైన అరలో, శుభ్రమైన గుడ్డ పరిచి పెట్టుకున్నాడు. చేప కోసం వచ్చానని చెబితే డబ్బాను ఇంకాస్త లోపలికి జరిపాడు. తర్వాత, "సారూ, భాయ్ కీ నిషానీ హై" అన్నాడు, అన్న గుర్తు ఇదని. ఆరు లేకపోతే బతకవు కదా అన్నాను. "నాకెరుక లేదా? నాకు గూడ గదే జెప్పిండు. మూడేండ్ల సంది ఒక్కటియ్యన్నా అని అడుగుతున్న. ఉన్నన్నాళ్ళు ఇయ్యలే. పోయినంక ఇచ్చిండనుకున్న. ఇగ మీరొచ్చి గుంజుకుంటున్రు." అలా అంటూనే డబ్బా దించి, చేపను తన చేత్తోనే బకెట్‌లోకి వదిలాడు. ఖాళీ డబ్బాను మళ్ళీ ఆ గుడ్డ మీదే పెట్టుకున్నాడు.

మరియమ్మ మా లైనులో చిట్టచివరి ఇంట్లో ఉంటుంది. ఒకప్పుడు ఆసుపత్రిలో ఆయా. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. ఆమె మాత్రం చేపను మంచినీళ్ళ కుండలో వేసింది. "సల్లగుంటది గద బిడ్డా" అన్నది. దొరికినవాటన్నిటిలోకీ సుఖంగా ఉన్నది అదే. మీకు యాదగిరి ఎలా పరిచయమని అడిగితే తన నల్లా చూపించింది. "మా ఇల్లు ఎత్తు మీదుంటది. నీళ్ళు మా దాక రానీకె ఇరవై నిమిషాలు పడ్తది. ముందటోళ్ళకు గంటైతే మాకు నలభై నిమిషాలే. గీయనొచ్చినంక మా నల్ల కాడ నిలవడి, గీడ ధార మొదలైనంకనే గంట లెక్కవెట్టేటోడు." ముందు ఇళ్ళవాళ్ళమైన మాకు ఇన్నేళ్ళుగా ఇరవై నిమిషాలు అదనంగా వస్తున్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది. తోటి చేపల దగ్గరికి వెళుతుందని చెబితే ఆమె కుండను తానే వంచింది.

మిగిలినవారి దగ్గర జరిగినదంతా విస్తరించను. మా వీధిలో ఇస్త్రీ దుకాణం నడిపే పెద్దమనిషి దోమలు పోతాయని చేపను సంపులో వేశాడు. యాభై ఆరేళ్ళ తెలుగు పండితుడు ప్యాంటు మోకాళ్ళపైకి మడిచి, చేతిలో చాయ్ జల్లెడతో సంపులోకి దిగి ముప్పావు గంట వెతికిన దృశ్యాన్ని మా వీధి చాలాకాలం చెప్పుకుంటుంది. పైనుంచి ఆయన "అగో, ఆ మూలకు సారూ" అని దారి చూపుతూనే ఉన్నాడు. ఆ మూలన ఉన్నది ప్రతిసారీ నా కాలి నీడే. చేప చివరికి నా వెనకనే దొరికింది.

ధూల్‌పేట్‌లో విగ్రహాలు చేసే శంకర్ బాలమణమ్మ తమ్ముడు. బావతో నాలుగేళ్ళుగా మాటలు లేవు. శంకర్ మా లైనులో షెడ్డు పెట్టుకున్న రోజుల్లో మట్టి తడపడానికని పైపుకు దొంగ కనెక్షను తగిలించాడు. యాదగిరి గారు స్వయంగా వెళ్ళి దాన్ని పీకేశారు. దినాల నాడు అక్క డబ్బా చేతిలో పెడితే, బావ తనతో రాజీపడ్డట్టే అనిపించిందట. డబ్బాను స్కూటరు సీటు కింద జాగ్రత్తగా పెట్టుకుని ఎండలో ధూల్‌పేట్ దాకా వెళ్ళాడు. నేను వెళ్ళేసరికి, ఇంకా రంగు వేయని విగ్రహాల మధ్య పీట మీద కూర్చుని ఉన్నాడు. డబ్బా ఒళ్ళో ఉంది. చేప వెల్లకిలా తేలుతోంది.

"నీళ్ళు కాలుతున్నయి సారూ, మూత తీస్తె" అన్నాడు. "నాకు తెల్వది. ఆయన సంగతే గట్ల. నాకేదన్న ఇస్తె నిలవది."

అతని మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను, రాలేదు. చేపను ఆ విగ్రహాల మట్టిలోనే పెడతానన్నాడు. సరేనన్నాను.

పొద్దు గుంకే వేళకు నా బకెట్‌లో ఏడు కోరీలున్నాయి. చనిపోయినదానితో ఎనిమిది. తొమ్మిదోది జాబితాలో లేదు. బాలమణమ్మ ఎవరి పేరైనా మరచిందేమోనని బకెట్‌తో సహా మళ్ళీ ఆమె ఇంటికి వెళ్ళాను. వంటింటి గట్టు మీద, పసుపు డబ్బా వెనక, గాజుగ్లాసులో తొమ్మిదో చేప ఉంది. నా చూపు అటు పోవడం బాలమణమ్మ గమనించి గ్లాసుకు అడ్డంగా నిలబడింది.

"గిది ఇయ్య సారూ."

"అమ్మా, ఒక్కటి బతకదు..."

"ఎరుకే. ఆరైతెనే చేప. ఇరవై ఏండ్లు ఇన్న గా మాట. నేను గూడ ఒక్కదాన్నే గద, బతుకుత లేనా?"

ఆ సాయంత్రమంతా ఏడు గుమ్మాల్లో ఒకే ఉపన్యాసం చెప్పి వచ్చాను. ఎనిమిదో గుమ్మంలో అది పనికిరాలేదు. నా ఇంట్లో మూడు తొట్లున్నాయి, బకెట్‌లో ఎంతోకాలంగా నేను కోరుకున్న ఏడు చేపలున్నాయి. ఆ ఒక్కటీ వదిలేసి వెళ్ళినా నన్ను తప్పుపట్టేవారు లేరు. అయినా గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. కోరిక తీరే క్షణంలో దాన్ని వదులుకోవడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. బకెట్ ఎత్తి గోడవారగా ఉన్న ఆయన తొట్టిలోకే మెల్లగా వంచాను. ఏడు చేపలు ఇసుక మీదికి దిగి, ఒకదాన్నొకటి రాసుకుంటూ గుంపుగా నిలిచాయి. బాలమణమ్మ చాలాసేపు చూసింది. తర్వాత గ్లాసు తెచ్చి, తానే ఎనిమిదోదాన్ని వాటి మధ్యకు వదిలింది.

మేత ఎంత వేయాలో, నీళ్ళు ఎన్నాళ్ళకు మార్చాలో నాకు తెలిసినంత చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. నేను లేవబోతుంటే, "సారూ, ఇంకొకటి జెప్పుండ్రి" అన్నది. "వీటి పేర్లేంది?"

"కోరీలు" అన్నాను.

"అది గాదు. రోజు పొద్దుగాల నేను చాయ్ పెడుతుంటె గీడ కూసోని ఒక్కొక్కదాన్ని పేరువెట్టి పిలుస్తుండె. మెల్లగ. నా పనిల నేనుండి ఎన్నడు చెవివెట్టి ఇనలే. మీరు దోస్తులు గద, మీకు జెప్పలేదా?"

చెప్పలేదు. ఆయన పేర్లు పెట్టిన సంగతే నాకు తెలియదు. ఆరేళ్ళు ఆయన పక్కన కూర్చుని, ఆయన మాటలు నా మాటలుగా చెప్పుకుని, ఆయన శిష్యుణ్ణని ఊరంతా చాటుకున్న నేను తెలియదని తల ఊపాను. సలీం భాయ్‌కి ఫోను చేశాను, అతనికీ తెలియదు. ఇల్లిల్లూ తిరిగి చేపలను తేగలిగాను గాని, ఆ పేర్లను ఏ ఇంటి నుంచి తేవాలి? అవి ఆయనతోనే పోయాయి. ఉప్పుగూడ వాల్వు తిప్పడానికి వేరే మనిషిని వేశారు, నీళ్ళు వస్తున్నాయి. ఆ మహానుభావుడు పోవడంతో ఏమి పోయిందని ఎవరైనా అడిగితే, నేను చెప్పగలిగేది ఇంతే.

ఆ తర్వాత నేను వెళ్ళినప్పుడల్లా బాలమణమ్మ పైపు ముక్క పట్టుకుని తొట్టి ముందు కూర్చుని ఉంటుంది. మేత జారవిడిచి, గాజు మీద వేలితో మెల్లగా తట్టి, చేపలు దగ్గరికి వచ్చేదాకా చూస్తుంది. పిలవడానికి నోరు తెరుస్తుంది. ఏమని పిలవాలో తెలియక మళ్ళీ మూసుకుంటుంది.